సుంకమ్మ సుఖపడిన తొమ్మిది రోజులు

కర్నూలులోని నిత్యసుఖ మల్టీ స్పెషాలిటీ ఆసుపత్రి వారు గత దసరా నుంచి రోగుల ఆనందం నిమిత్తం మూడు సేవలు ప్రారంభించారు. ఫోను, టీవీ, పార్కింగు. వైద్యం అంతకుముందు నుంచే ఉన్నట్టు పాత సిబ్బంది చెబుతారు.

సర్కారు కార్డు మీద ఆపరేషన్లు ఉచితంగా జరుగుతున్నందున, రోగుల దగ్గర డబ్బు మిగిలిపోయి వాళ్ళు దాన్ని ఇంటికి తీసుకుపోతున్నారని యాజమాన్యం ఎంతో బాధతో గమనించింది. ఆ బాధలోంచి పుట్టినవే ఈ సేవలు.

కోసిగి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఉరుకుందప్పకు ఈ సంగతి తెలియదు. ఆయన భార్య సుంకమ్మ పత్తి మూటతో ట్రాక్టరు దిగుతూ పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెను నూట ఎనిమిది బండిలో ఎక్కించి, తను ఎక్సెల్ బండి మీద జొన్నరొట్టెల మూట కట్టుకుని మూడు గంటలు వెనకాలే వచ్చాడు. గేటు దగ్గర టోపీ పెట్టుకున్న హెన్రీ ఆపాడు. పార్కింగు ఆయన చేతిలో ఉంది.

"ఏమప్పా, యాడికి పోతాండావు? చీటీ తీసుకో."

"మా ఇంటామెకు తుంటి ఇరిగిందప్పా."

"తుంటిని లోపల చూస్తారు. బండిని నేను చూస్తా. గంటకు పది."

"రోడ్డు మీద పెట్టుకుంటే?"

"పెట్టుకో. అట్ల పెట్టిన బండ్లను మేమే లాక్కొచ్చి లోపల పెడతాం. లాక్కొచ్చిన కూలి వేరే."

ఇంత వివరంగా చెప్పేవాడితో వాదించడం మర్యాద కాదు. ఉరుకుందప్ప చీటీ తీసుకుని, పక్కనున్న బోర్డును ఐదో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివాడు. సైకిలు, మోటారు సైకిలు, కారు, ట్రాక్టరు, అన్నిటికీ ధరలున్నాయి. చివరి వరుసలో మాత్రం 'మానవతా దృక్పథంతో శవవాహనాలకు ఉచితం' అని రాసి ఉంది. దయగల ఆసుపత్రికే వచ్చామని ఆయన గుండె నిమ్మళించింది.

వార్డులో ప్రతి మంచానికీ ఎదురుగా ఒక టీవీ ఉంది. దుడ్లు కట్టకపోయినా అది మోగుతుంది, అందులో లోపమేమీ లేదు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఆసుపత్రి చైర్మన్ గారు అందులో కాలేయం గురించీ మూత్రపిండాల గురించీ మాట్లాడుతుంటారు. సీరియళ్ళు కావాలంటే రోజుకు ఎనభై రూపాయల వినోద ప్యాక్. ఏదీ వద్దు, ఆపెయ్యమంటే రోజుకు నూట ఇరవై రూపాయల ప్రశాంతి ప్యాక్. నిశ్శబ్దం అన్నిటికంటే ఖరీదు ఎందుకని ఉరుకుందప్ప అడిగితే, పట్నంలో దానికి గిరాకీ ఎక్కువని నర్సు చెప్పింది.

రెండు రోజులు చైర్మన్ గారిని విన్న తర్వాత, విరిగిన తుంటితో వచ్చిన సుంకమ్మకు కుడి డొక్కలో కాలేయం కదులుతున్నట్టు అనిపించసాగింది. మూడో రోజుకు గుండె కూడా అనుమానంగానే ఉంది. ప్రేక్షకురాలిలో ఇంత త్వరగా చైతన్యం వచ్చినందుకు నర్సు సంతోషించి, సంపూర్ణ దేహ పరీక్షల కాగితం మంచం మీద పెట్టి పోయింది.

ఇక ఫోను. సెల్ ఫోన్లలోంచి వచ్చే కిరణాల వల్ల యంత్రాలు తికమకపడతాయి గనుక, రోగులవీ వెంట వచ్చినవాళ్ళవీ ఫోన్లన్నీ వార్డు గుమ్మం దగ్గరే తీసుకుని, ఆపేసి, పెట్టెలో పెడతారు. పెట్టెకు రోజుకు ఇరవై. డాక్టర్లు మాత్రం వార్డులో సెల్ ఫోన్లు మాట్లాడుతూనే తిరుగుతుంటారు. వాళ్ళవి చదువుకున్న ఫోన్లు కాబట్టి యంత్రాల జోలికి పోవు. రోగుల కోసం మంచం పక్కన పచ్చరంగు ఫోను ఒకటి ఏర్పాటు చేశారు.

ఆపరేషన్ రేపనగా, మధ్యాహ్నం సుంకమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"శివలీలతో ఒక మాట మాట్లాడాల. బల్ల మీద ఏమైతాదో ఎవురికి తెల్సు."

శివలీల వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ. ఊళ్ళో పనుల్లేక మొగుడితోనూ ఇంకో ఇరవై మందితోనూ గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు సుగ్గి, అంటే కూలి వలస, పోయి నెల దాటింది. తల్లి పడిన సంగతి తెలుసు గానీ, కోత మధ్యలో వదిలి వస్తే కూలి పోతుందని ఆగింది.

ఉరుకుందప్ప రోగి ఆనంద విభాగం అధికారిణి స్వర్ణలత గారి గదికి పోయాడు. ఆమె కుర్చీ చూపించి ఇలా సెలవిచ్చారు:

"చూడండి, రోగికి మందు కంటే ముఖ్యం ఆత్మీయుల గొంతు. ఈ సత్యాన్ని రాయలసీమలో మొదట గుర్తించింది మేమే. అందుకే ఆ గొంతును నిమిషానికి పదిహేను రూపాయలకే అందిస్తున్నాం. మీరు చేయాలంటే ఆధార్‌తో దరఖాస్తు పెట్టాలి, ఒక రోజు పడుతుంది. మీ అమ్మాయినే చేయమనండి. ఖర్చు ఆమె బ్యాలెన్సులోంచే పోతుంది. మీకు ఒక్క పైసా భారం లేదు."

ఉరుకుందప్ప పెట్టెలోంచి తన ఫోను విడిపించుకుని, గేటు బయటికి పోయి, పచ్చఫోను నంబరు బిడ్డకు చెప్పి, ఫోను మళ్ళీ పెట్టెలో పెట్టించాడు. తర్వాత మంచం దగ్గరికి వచ్చి, జేబు తడుముకుని, ఆ ఒక్క సాయంత్రానికి ప్రశాంతి ప్యాక్ కొన్నాడు. టీవీ గోలలో ఫోను మోగితే వినపడదేమోనని.

టీవీ ఆగిపోయింది. ఇద్దరూ పచ్చఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. అది మోగలేదు.

"బిడ్డకు నా మీద కోపమేమో. ఎంత పనిలో ఉండినా ఒక మాట మాట్లాడొచ్చు గదా" అని సుంకమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆయన లేచి దుప్పటి సర్దాడు.

మిరప చేలో శివలీల నిజానికి అప్పుడే ఫోను చేసింది. ఆ నంబరుకు చేస్తే మొదట చైర్మన్ గారి స్వాగత వచనం రెండు నిమిషాలు వినాలి, అది కూడా లెక్కలోకే వస్తుంది. గంభీరమైన గొంతు ఆమె చెవిలో ఇలా పలికింది: "నమస్కారం. మీ ఆత్మీయులు ఇప్పుడు ఏ బాధా లేని చోట, నిత్యసుఖంలో ఉన్నారు. చేయవలసినదంతా మేము చేశాం. ఇక మీరు ధైర్యంగా..."

అక్కడ ఆమె బ్యాలెన్సు అయిపోయింది.

పక్కామె ఫోను అడిగి తండ్రికి చేస్తే, ఆయన ఫోను ఆపేసి ఉంది. శివలీల మిరప సాలులోనే కూలబడింది. కోసే ఆడవాళ్ళంతా చేరి, ఎంత మంచిదమ్మా సుంకమ్మ అని ఏడ్చారు. చేను ఆసామి మంచివాడు, కోత ఆగినా పరవాలేదని బొలెరో ట్రక్కు మాట్లాడి అందరినీ పంపాడు. అడ్వాన్సు కూలి శివలీల కొంగున కట్టుకుంది. దారిలో పూలదండ కొన్నారు.

మరుసటి రోజు మధ్యాహ్నం బొలెరో గేటు దగ్గరికి వచ్చేసరికి, ఇరవై రెండు మంది ఏడుపు విని హెన్రీ టోపీ తీసి, చీటీ అడక్కుండా గేటు తెరిచాడు. బోర్డు మీది చివరి వరుసను అమలు చేసే అవకాశం ఆయనకు అప్పుడప్పుడూ వస్తుంటుంది.

శివలీల దండతో వార్డులోకి పరుగెత్తింది. పొద్దునే ఆపరేషన్ అయిపోయిన సుంకమ్మ మంచం మీద గంజి తాగుతోంది.

"ఎందుకే ఏడుస్తాండావు?"

"నువ్వు సచ్చిపోయినావనిరి గదమ్మా."

"ఎవురు?"

"ఆసుపత్రోళ్ళే. ఫోన్లో."

సుంకమ్మ కాస్త ఆలోచించింది. "నాతో ఎవురూ చెప్పలేదే" అంది. తర్వాత బిడ్డ తలను దగ్గరికి లాక్కుని, గంజి గిన్నె ఒలికిపోయినా చూడకుండా, చాలాసేపు వదల్లేదు. ఉరుకుందప్ప తలుపు దగ్గర నిలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. పైన చైర్మన్ గారు కాలేయం గురించి చెబుతున్నారు.

ఈ ఆనందం కాసేపటికి సంబంధిత విభాగానికి చేరింది. హెన్రీ చీటీల పుస్తకంతో పైకి వచ్చాడు.

"ఏమప్పా, శవమేది?"

"లేదప్పా. బతికే ఉండాది" అని ఉరుకుందప్ప ఒప్పుకున్నాడు.

"అట్లయితే చీటీ కొట్టాల."

మరణం లేకుండా మరణ రాయితీ పొందినందుకు రెట్టింపు రుసుమనీ, సందర్శకులు ఇద్దరికి మించినందుకు తలకు ఇరవై అదనమనీ వెనకే వచ్చిన స్వర్ణలత గారు వివరించారు.

"మాయమ్మ బతికినందుకు జుర్మానానా మేడం?" అని శివలీల అడిగింది.

"జుర్మానా అనకూడదమ్మా. సేవా రుసుము."

శివలీల కొంగు ముడి విప్పి, మిరప కూలి ఎంచి ఇచ్చింది. నిన్నటి దాకా కాయలు కోసిన వేళ్ళు కాబట్టి నోట్లకు ఘాటు అంటింది. స్వర్ణలత గారికి రెండు తుమ్ములు వచ్చాయి. యాజమాన్యానికి జరిగిన నష్టం అంతే.

అయినా ఆసుపత్రి వారు ప్రజాభిప్రాయాన్ని గౌరవిస్తారు. విచారణ సంఘం వేసి స్వాగత వచనాన్ని సవరించారు. ఇప్పుడది 'నిన్న సాయంత్రం ఆరు గంటలకు అందిన సమాచారం మేరకు మీ ఆత్మీయులు జీవించి ఉన్నారు' అని మొదలవుతుంది. ఈ రోజు సంగతి కావాలంటే ఒకటి నొక్కాలి, దానికి రుసుము వేరే. సవరణ వల్ల వచనం ఇంకో ముప్పై సెకన్లు పెరిగింది.

తొమ్మిదో రోజు సుంకమ్మను ఇంటికి పంపారు. ఆపరేషన్ ఖర్చు సున్నా అని కాగితం మీద పెద్ద అక్షరాలతో వేసి, ఉరుకుందప్పతో నవ్వించి ఫోటో తీసుకున్నారు. ఆయన గేటు దగ్గర బండికి రెండు వేల నూట అరవై కట్టాడు. ఇంకో వారం ఉంటే బండిని వదిలి పోవడమే లాభమని హెన్రీ స్నేహపూర్వకంగా సలహా ఇచ్చాడు.

ఊళ్ళో సుంకమ్మను చూడడానికి జనం వచ్చారు. తుంటి ఎట్లుందని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఎంతైందని అందరూ అడిగారు. అబద్ధమాడడం రాని ఉరుకుందప్ప ఉన్నదున్నట్టు చెప్పాడు. బండి ఊరికే నిలబెట్టినందుకే రెండు వేలు దాటిందనేసరికి గుంపంతా ఆ లెక్కను మళ్ళీ చెప్పించుకుంది.

నాలుగేళ్ళుగా మోకాలి నొప్పితో ఉన్న పెద్ద ఈరన్న ముందుకు జరిగాడు. ఆయన కొడుకులు ఆయన్ని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోవాలని అప్పటికే మాట్లాడి పెట్టారు. అక్కడి ఎముకల డాక్టరు చెయ్యి మంచిదని పేరు.

"ఆ సర్కారు ఆసుపత్రిలో బండి పెట్టేదానికి ఎంతంట?" అని పెద్ద ఈరన్న అడిగాడు.

"ఆడ దుడ్లేమీ లేవు పెద్దప్పా. ఊరికేనే" అన్నాడు ఉరుకుందప్ప.

పెద్ద ఈరన్న మోకాలు రుద్దుకున్నాడు.

"బండిని ఊరికే నిలబెట్టుకోమనేటోడు మనిషినేం నిలబెడతాడప్పా? నన్నూ ఆ నిత్యసుఖానికే తీసుకపోండి."

అందరూ శానా నిజమన్నారు. వచ్చే సోమవారం ప్రయాణం. వెంట రెండు మోటారు సైకిళ్ళు, ఒక ట్రాక్టరు పోతున్నాయి. ఊరికి పెద్దమనిషి గదా, ఒక్క బండే నిలబెడితే చూసేవాళ్ళకు బాగుండదని.