కళ్ళజోళ్ళ షాపాయన పిస్టల్ దరఖాస్తు

ఆ రోజు పొద్దున కళ్ళజోళ్ళ షాపాయన పెట్టుకున్న పని ఒక్కటే. కొట్టు కాస్త ముందుగా తెరిచి, అద్దాల బీరువా తడిగుడ్డతో తుడిచి, కొత్తగా వచ్చిన ఖరీదైన ఫ్రేములను దారినపోయే వాళ్ళ కంటపడేలా సర్దుకోవాలి. తీరా వెళ్ళేసరికి తాళం విరిగి మెట్టు మీద పడి ఉంది. షట్టరు మోకాలి ఎత్తున లేచి ఉంది. ఆయన వంగి లోపలికి దూరి లైటు వేశాడు. కింది అరలోని చవక ఫ్రేములూ, ప్లాస్టిక్ చలువ కళ్ళద్దాలూ తుడిచిపెట్టినట్టు పోయాయి. పై అరలోని ఖరీదైన ఫ్రేములు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఫోను అందుకుని పరుగున వచ్చిన భార్య అంతా చూసి ఊపిరి పీల్చుకుంది. "పోనీలెండి, మంచి సరుకు మిగిలింది కదా."

"అదేనే నా మంట! ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూసి ఏరి తెచ్చిన ఫ్రేములవి. ఆ దొంగవెధవ కనీసం చేత్తో ముట్టుకోలేదు! నా సరుకంటే అంత చులకనా వాడికి?"

అంటూ ఆయన పెట్టుకున్న కళ్ళజోడు తీసి కౌంటరు మీదకు విసిరాడు. అది జారి కింద పడింది. ఆయనే దాన్ని తొక్కాడు. ఆ ఒళ్ళుమంటతోనే వెనక గదిలోకి వెళ్ళి, అద్దాలు అరగదీసే యంత్రం ముందు కూర్చుని, గంటలో కొత్త కళ్ళజోడు తయారుచేసి ముక్కుమీద పెట్టుకుని బయటికొచ్చాడు.

"పిస్టల్ కొంటున్నాను," అని ప్రకటించాడు.

"దేనికండీ?"

"వాడు మళ్ళీ వస్తేనో?"

"వస్తే పై అర చూపించడానికి పిస్టల్ ఎందుకు, మీ నోరు చాలదూ?"

ఆయన నేరుగా తుపాకుల కొట్టుకు వెళ్ళాడు. ఇనుప కటకటాల వెనక బక్కపల్చటి పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు.

"పిస్టల్ చూపించండి."

"లైసెన్సు చూపించండి."

"ఇంకా లేదు."

"అయితే పిస్టలూ ఇంకా లేదండీ."

పోనీ ధరైనా చెప్పమన్నాడు. కొట్టాయన మెల్లగా, తలనొప్పితో ఉన్నవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"నేనడిగింది ఒక్కదాని ధరండీ," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నేను చెప్పిందీ ఒక్కదానిదేనండీ. తూటాలు వేరే. పెట్టుకునే లాకరు వేరే."

"తూటాలు లేని పిస్టల్ అమ్ముతారా? ఇదేం దోపిడీ అండీ?"

"ఫ్రేము వేరు, అద్దాలు వేరు అని కళ్ళజోళ్ళవాళ్ళు అమ్మట్లేదూ?"

కళ్ళజోళ్ళ వ్యాపారం సంగతి తుపాకులాయనకు తెలియదు కాబట్టి అలా అంటున్నాడని సరిపెట్టుకుని, కళ్ళజోళ్ళాయన లైసెన్సు ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ గుమాస్తా టీ తాగుతూ ఏమేం కావాలో వల్లించాడు. షూటింగు నేర్చుకున్నట్టు క్లబ్బు నుంచి పత్రం. ఆరోగ్యం బాగున్నట్టు డాక్టరు పత్రం. గోడలోకి బిగించిన లాకరు. అవి కాక ఒక అధికారి వచ్చి ఇరుగుపొరుగును విచారిస్తాడు.

"నా తాళం పగలగొట్టినవాడు వీటిలో ఏ కాగితం తెచ్చాడండీ?"

"వాడు మా ఆఫీసుకి రాలేదండీ. వస్తే అడిగేవాళ్ళం."

"విచారణ దేనికి? నేనేమన్నా నేరం చేశానా?"

"మీరు కోపిష్టి మనిషి కాదని తేలాలి కదండీ."

"నేను కోపిష్టినా?" అని ఆయన బల్ల మీద గుద్దాడు. టీ గ్లాసు ఎగిరి పడబోయింది. గుమాస్తా దాన్ని పట్టుకుని దూరంగా జరిపి, "విచారణకు వచ్చేది నేను కాదులెండి," అని ఆయన నింపిన దరఖాస్తు అందుకున్నాడు.

షూటింగు క్లబ్బులో నేర్పేది ఒక మేడమ్. పొడుగాటి మనిషి. ఆవిడ మాట్లాడితే ఎదుటివాళ్ళకు తెలియకుండానే నడుం నిటారుగా అయ్యేది. "పిస్టల్ ఖాళీగా ఉన్నా తూటా ఉన్నట్టే అనుకోవాలి. దాని మూతి ఎప్పుడూ గురి వైపే ఉండాలి. కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు," అని మొదటిరోజే చెప్పి, చాలా రోజులు ఖాళీ పిస్టలే పట్టించింది. ఖాళీ చేత్తో నిలబడటానికి ఇంట్లో డబ్బు కట్టక్కర్లేదని కళ్ళజోళ్ళాయన గొణిగాడు. ఆవిడ వినిపించుకోలేదు. ఈలోగా ఆయనకు ఇంకో చిరాకు పట్టుకుంది. పేపరువాళ్ళు అక్షరాలు వంకరగా అచ్చువేస్తున్నారు. ఇంటి మెట్లు కట్టిన మేస్త్రీ ఎత్తులు సరిగా చూసుకోలేదు. రోజూ సాయంత్రానికి తలనొప్పి. లోకమంతా ఒక్కసారిగా పని మరిచిపోయిందని ఆయన భార్యతో మొత్తుకున్నాడు.

చివరికి తూటాలు ఇచ్చిన రోజు వచ్చింది. ఆయన ఊపిరి బిగబట్టి, ఇచ్చిన తూటాలన్నీ కాల్చాడు. గురి కాగితం దగ్గరికి తెప్పించి చూస్తే పెళ్ళికూతురి చీరలా ఒక్క మరక లేదు. ఆయనలాగే నేర్చుకోవడానికి వచ్చి, పక్క కాగితం మీద కాలుస్తున్న సంగీతం టీచరమ్మ మాత్రం ఆనందం పట్టలేక కేక పెట్టింది.

"మేడమ్! నేను కాల్చినవాటికంటే తగిలినవి ఎక్కువున్నాయి!"

మేడమ్ ఆ కాగితం చూసింది. ఈ కాగితం చూసింది. అందరినీ పిస్టళ్ళు కింద పెట్టమని, కళ్ళజోళ్ళాయన ముక్కుమీది కళ్ళజోడు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అందులోంచి ఎదుటి గోడ వంకర తిరిగి కనిపించింది. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"ఏ ప్రబుద్ధుడండీ ఇది చేసింది?"

అప్పటికి క్లబ్బులో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు. అందులో సగంమందికి కళ్ళజోళ్ళున్నాయి. క్లబ్బు దరఖాస్తులో ఆయన వృత్తి దగ్గర 'వ్యాపారం' అని మాత్రమే రాశాడు. ఏ వ్యాపారమో అక్కడెవరికీ తెలియదు. నేనే చేశానంటే ఇక కొట్టుకు తాళం వేసుకోవడమే. ఆయన నాలుక ఆయన్ను అడక్కుండానే కదిలింది.

"మా వీధిలో కొత్తగా పెట్టిన షాపు ఒకటుందండీ..."

ఆ వీధిలో కొత్తగా పెట్టింది ఆయన బావమరిది షాపు. తొమ్మిదేళ్ళు ఈయన దగ్గరే పని నేర్చుకుని, సరిగ్గా ఎదురుగానే బోర్డు కట్టాడు. ఆ రోజు నుంచి బావకూ బావమరిదికీ మాటల్లేవు. చెప్పుకోవలసినవి ఉంటే ఇటు అక్కా, అటు భార్యా అయిన మనిషే రోడ్డు దాటి మోసుకెళ్ళేది.

"ఇలాంటివాళ్ళని ఊరికే వదలకూడదు! ఇది నా దగ్గర ఉండనివ్వండి, సాక్ష్యం," అని మేడమ్ కళ్ళజోడు జేబులో వేసుకుంది. ఆయన తడుముకుంటూ ఇల్లు చేరాడు.

మర్నాడు మధ్యాహ్నం భార్య గుండెలు బాదుకుంటూ కొట్టుకు వచ్చింది. "విన్నారా? తమ్ముడు చేసిన కళ్ళజోడు పెట్టుకుని ఎవరో క్లబ్బులో పక్కావిడ కాగితం మీద కాల్చాడట! జనం కొన్న కళ్ళజోళ్ళు పట్టుకొచ్చి వాడి మొహాన పెడుతున్నారు."

సాయంత్రానికి ఊరివాళ్ళ నోళ్ళలో ఆ కాగితం ఆవిడ చెయ్యి అయింది. పొద్దుగుంకేసరికి ఆ చెయ్యి తీసేశారని పాలవాడు చెప్పాడు. "ఆ కాల్చినవాడెవడో వాడి కళ్ళు పోనూ! ముందే చూసుకోవద్దూ?" అని భార్య తిట్టిపోసింది. కళ్ళజోడు క్లబ్బులో మరిచిపోయానని ఇంట్లో చెప్పి, ఇంకొకటి చేసుకోవడానికి ధైర్యం చాలని కళ్ళజోళ్ళాయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఎదురు కొట్టు ఖాళీ అయితే సంతోషం కలుగుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ సంతోషమేదీ రాలేదు. దాంతో తన మీద తనకే కోపం వచ్చి, కూరలో ఉప్పు లేదని లేచిపోయాడు.

ఆ మర్నాడు మేడమ్ తన శిష్యబృందంతో బావమరిది షాపు ముందు దిగింది. వీధి వీధంతా అక్కడికి చేరింది. "నా తమ్ముణ్ణి నలుగురూ కలిసి తిడుతుంటే ఇక్కడ కూర్చుని చూస్తారా? ఎంతైనా మీ చేతికింద పెరిగినవాడు," అని భార్య ఆయన రెక్క పట్టుకుని రోడ్డు దాటించింది. కళ్ళజోడు లేని ఆయనకు అంతా మసకమసకగా ఉంది. గొంతులు మాత్రం స్పష్టంగా వినపడుతున్నాయి.

మేడమ్ కళ్ళజోడు కౌంటరు మీద పెట్టింది. "ఇది నువ్వు చేసిందేనా, కాదా?"

బావమరిది దాన్ని తీసుకుని పవరు చూసే యంత్రంలో పెట్టాడు. ఒక కన్ను మూసి చూశాడు. మళ్ళీ తిప్పి చూశాడు. తరవాత తల ఎత్తి, అంతమంది జనం మధ్య నిలబడ్డ బావ ముఖం వంక చూశాడు. తొమ్మిదేళ్ళు పక్కన కూర్చుని చూసిన చేతిపని అది. అతను పోల్చుకోకుండా ఎలా ఉంటాడు? బావ పక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్క నిలబడి ఉంది.

"నాదేనండీ," అన్నాడు మెల్లగా. "ఎడమకంటి అద్దం కుడివైపుకీ, కుడిది ఎడమవైపుకీ బిగించాను. నా పొరపాటే. క్షమించండి."

జనం గొల్లుమన్నారు. అక్క బావురుమంది. కళ్ళజోళ్ళాయన మెల్లగా జనం వెనక్కి జరిగాడు. అప్పుడు గనక మేడమ్ ఊరుకుని ఉంటే అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళేవారు. ఆవిడ ఊరుకోలేదు. కళ్ళజోడు అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"తారుమారు చెయ్యడమే కాదు, ఈ అంచులు చూడండి! అరగదియ్యడం కూడా చేతకాని నాసిరకం పని!"

"నాసిరకమా?"

ఆ కేక ఎవరిదా అని అందరూ వెనక్కి తిరిగారు. కళ్ళజోళ్ళాయన జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు.

"ఎవరమ్మా నాసిరకం అన్నది? ఇలా ఇవ్వండి! అద్దానికీ ఫ్రేముకీ మధ్య వెంట్రుక దూరుతుందేమో పెట్టి చూడండి! ఈ అంచు చూడండి, గోరుతో రాస్తే తగులుతుందా? వీడు చేశాడట, వీడు! తొమ్మిదేళ్ళు నేర్పినా ఈ అంచు తియ్యడం వీడి చేతికి పట్టుబడలేదు! ఇది నా పని! నేను చేశాను, నేను!"

జనమంతా ఆ కళ్ళజోడు వంకా, ఆయన వంకా చూశారు.

"బావగారూ, ఊరుకోండి," అన్నాడు బావమరిది నీరసంగా.

"ఎందుకు ఊరుకోవాలిరా? నా చేతిపని నీదని చెప్పుకుంటావా? సిగ్గులేదూ?"

"మరి అద్దాలు తారుమారు చేసిందెవరండీ?" అని గుంపులోంచి, సంచి భుజాన వేసుకున్న ఒక కొత్త మనిషి అడిగాడు.

"అదీ నేనే! ఆ రోజు కోపంలో ఉన్నాను! నా కొట్టు తాళం పగిలింది!"

"కోపం వస్తే మీకు కుడీ ఎడమా తెలియవాండీ?"

"మీకు తెలుస్తాయేం? అసలు మధ్యలో మీరెవరు?"

"విచారణకు వచ్చానండీ," అన్నాడాయన సంచిలోంచి కాగితాలు తీస్తూ. "మీ పిస్టల్ దరఖాస్తు గురించి ఇరుగుపొరుగుని అడగాలి. మీ కొట్టు దగ్గరికి వెళ్తే ఇరుగూ పొరుగూ అందరూ ఇక్కడే ఉన్నారన్నారు."

మేడమ్ బావమరిదికి చేతులు జోడించి క్షమాపణ చెప్పింది. తరవాత కళ్ళజోళ్ళాయన వైపు తిరిగి, రేపటి నుంచి క్లబ్బుకు రావద్దని రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోయింది. భార్య వెళ్ళి తమ్ముడి పక్కన నిలబడింది. దానికే ఆయనకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. జనం పలచబడ్డాక ఆయన కౌంటరు ముందు స్టూలు మీద కూలబడ్డాడు. బావమరిది చిన్న మరలు విప్పి, అద్దాలు సరిగ్గా మార్చి, మెత్తటి గుడ్డతో తుడిచి అందించాడు.

"పెట్టుకోండి బావగారూ."

పెట్టుకున్నాడు. ఇన్ని రోజుల తరవాత మొదటిసారి ప్రపంచం తిన్నగా నిలబడింది. ఎదురుగా ముఖం కనిపించింది. కణతల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. రోజూ రోడ్డుకు అవతలే ఉంటున్నా వీడికి ఇంత వయసు ఎప్పుడొచ్చిందో ఆయన గమనించనే లేదు.

"నీదని ఎందుకు చెప్పావురా?"

"మీ కొట్టు మూతపడితే అక్క పెట్టె సర్దుకుని మా ఇంటికే వస్తుంది. వెనకాలే మీరూ వస్తారు. రోజూ మీతో తిట్లు తినేకంటే ఒక్కసారి వీళ్ళతో తినడం నయం కదా అనుకున్నాను."

కళ్ళజోళ్ళాయన మండిపడదామని నోరు తెరిచాడు. నవ్వొచ్చింది. ఆ రోజు ఇద్దరూ ఒకే స్టవ్వు మీద కాచిన టీ తాగారు. ఇద్దరి కొట్ల మధ్యా మాటలు మోసే పని భార్యకు తప్పింది. తిట్లు ఇప్పుడు రోడ్డు మీదుగా నేరుగానే వెళ్ళి వస్తున్నాయి. కొన్నాళ్ళు ఆయన కొట్టుకు వచ్చేవాళ్ళు గుమ్మంలోనే ఆగి, "ఇవాళ కోపంలో ఉన్నారా, రేపు రమ్మంటారా?" అని అడిగేవారు. అలా అడిగినందుకు కోపం వచ్చి ఆయన అరిస్తే, రేపు వస్తామని వెళ్ళిపోయేవారు.

నెల తిరక్కుండా లైసెన్సు ఆఫీసు నుంచి కవరు వచ్చింది. ఆయన చించి, చదివి, బల్ల మీద గుద్ది, ఇంత అన్యాయం ఎక్కడా లేదనీ, పైవాళ్ళకు రాస్తాననీ అరవడం మొదలుపెట్టాడు. బావమరిది రోడ్డు దాటి వచ్చి ఆయన చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. దరఖాస్తు తిరస్కరించారు. కారణం దగ్గర విచారణాధికారి గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: "ఈయనకు సరిగ్గా కనిపించదు. కనిపించినా ఓర్చుకోలేడు."