పది గంటలకు వాయని కాలు

ధర్మవరంలో రాత్రిపూట సిద్ధమ్మ తన మొగుడు పెద్దప్ప ఎడమకాలి కింద దిండ్లు పేరుస్తోంది. సరిగ్గా ఆ వేళకే, లోకంలోకెల్లా పాత కార్యాలయం, అంటే నెత్తురు తిప్పే శాఖ, అతని ఒంట్లో మొరాయిస్తోంది. గుండె పైనుంచి ఉత్తర్వు తోస్తే నెత్తురు అరికాలిదాకా ఇట్టే దిగుతుంది. కింది నుంచి పైకి పోవడమే కష్టం. (అర్జీ పెట్టుకున్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.) అందుకని సిరల్లో చిన్న తలుపులుంటాయి, ఎక్కిన నెత్తురును వెనక్కి జారనివ్వవు. నడిస్తే పిక్క దాన్ని పిండి పైకి తోస్తుంది. ఏళ్ల తరబడి గుంత మగ్గంలో కాళ్లు వేలాడేసిన పెద్దప్పకు ఆ తలుపులు సడలిపోయాయి. పొద్దు వాలేసరికి కాలు వాచేది. చీలమండ దగ్గర పుండు పడి మానడం లేదు.

ఆపరేషన్ చేయకుంటే పుండు మానదని హిందూపురం డాక్టరు చెప్పాడు. ఉచితంగా కావాలంటే పెనుకొండలో సిరల పరిశీలనాధికారి వాపును కళ్లారా చూసి సంతకం పెట్టాలి. ఆయన కూర్చునేది పొద్దున పది నుంచి పన్నెండు వరకు. (వాపు తన వేళలు ఆయన్ని అడిగి పెట్టుకోలేదు.)

అధికారి ముందు కాలు చూడముచ్చటగా ఉండాలనే సిద్ధమ్మ దిండ్లు పేర్చింది. తెల్లారేసరికి నెత్తురు బుద్ధిగా పైకి చేరింది.

"ఏమప్పా, వాపు యాడుండాది?" అన్నాడు అధికారి హరిప్రసాద్.

"సాయంత్రానికి వస్తాది సార్."

"సాయంత్రం మేముండం కదప్పా."

"పుండన్నా చూడు సార్," అంది సిద్ధమ్మ.

"పుండు చర్మ విభాగం తల్లీ. ఇది సిరలు."

ఇది సిరల వల్ల వచ్చిన పుండని చర్మ విభాగం వెనక్కి పంపింది.

రెండోసారి దిండ్లు మానేశారు. అయితే పెద్దప్ప బస్టాండు నుంచి నడిచి వెళ్లాడు. పిక్క తన డ్యూటీ చేసింది, వాపు మళ్లీ గైర్హాజరు. అటెండరు రామప్ప జాలిపడ్డాడు.

"నడిస్తే యాడొస్తాదబ్బా? తెల్లారుజామునే లేచి గోడకానుకోని కదలకుండా నిలబడు. ఈడికి ఆటోలో రా."

"నిలబడొద్దని డాక్టరు చెప్పినాడే?"

"ఆయనకు రోగం తగ్గాల. మాకు రోగం కనపడాల. రెండూ వేరే పనులప్పా."

మూడోసారి పెద్దప్ప చీకటితోనే గోడకానుకున్నాడు. బస్సు వేళకు కాలు బిగిసి మెరిసింది, పుండు నుంచి రసి కారింది.

"వచ్చిందయ్యా, బాగా వచ్చింది!" అంది సిద్ధమ్మ, పంట చూసినంత సంతోషంగా.

పెద్దప్ప ఆమె వైపు ఒకసారి చూసి, చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఎడమది పట్టలేదు. ఒక్క చెప్పుతోనే గడప దాటాడు, అన్ని అర్హతలూ ఉన్న రోగిలా.