సారు గొంతులో పనసగింజ

ఒకానొక పెద్ద అడవిలో ఓ నర్సింగ్ కాలేజీ. దానికి ప్రిన్సిపాల్ ఎలుగుబంటి. పక్క అడవి పరీక్షల్లో వీడియోలు, ఆడియోలు వచ్చేశాయని విన్నాడో లేదో, ఆయనకిక తిన్నది అరగలేదు.

"మనమూ మల్టీమీడియా ప్రశ్నలు పెట్టాల్సిందే!" అన్నాడు. కరెంటే లేని అడవి. అయినా ఆగుతాడా? దగ్గులు వినిపించడానికి మైనాని, కామెర్ల రంగు చూపించడానికి ఊసరవెల్లిని పెట్టుకున్నాడు.

రూలుంది కాబట్టి ఓసారి చేయించి చూపించి, విద్యార్థినుల అభిప్రాయం అడిగాడు.

"సూపర్ సార్! పేజీలు పేజీలు రాసే బాధ తప్పింది," అంది జింక.

"మైనా దగ్గు వెనక బెంచీకి వినబడట్లేదు సార్," అంది కుందేలు. కుందేలుకే వినబడలేదంటే చూసుకోండి మరి!

ముళ్లపంది నసిగింది. "చూసి టిక్కు పెట్టడం బానే ఉంది సార్. రోగిని ముట్టుకోకుండా నర్సులం ఎలా అవుతాం?"

"రెండుసార్లు తప్పినదానివి, నువ్వా చెప్పేది! ఈసారీ తప్పావో, కాలేజీలోంచి పంపించేస్తా."

ముళ్లపంది గబుక్కున కూర్చుని పుస్తకం తెరిచింది. 'అందరూ సంతోషం' అని ఎలుగుబంటి ఫైల్లో రాసేసుకున్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. మైనా దగ్గింది, ఊసరవెల్లి పచ్చబడింది, నాలుగు ప్రశ్నలయ్యాయి. కాపలా కూర్చున్న ఎలుగుబంటి ఊరికే ఉండలేక పనసతొనలు మింగుతుంటే, గింజ కాస్తా గొంతుకి అడ్డం పడింది. కళ్లు తేలేసి గిలగిలా కొట్టుకున్నాడు.

"అబ్బ, అయిదో ప్రశ్న సారే చేస్తున్నారే! ఏం నటన!" అంది జింక.

"నాలుక నీలం, ఊపిరి ఆడట్లేదు... ఆప్షన్ బి," అని కుందేలు టిక్కు పెట్టేసింది. "సార్, ఇంకోసారి చెయ్యరూ? వెనక్కి సరిగ్గా కనబడలేదు!"

ముళ్లపందికి మాత్రం అది నటనలా కనబడలేదు. పరీక్షలో సీటు వదిలితే తప్పినట్టే, తప్పితే చదువు పోయినట్టే. "ఛీ, పోతే పోనీ!" అని ఒక్క ఉరుకున వెళ్లి సారు వీపుని తన వీపుతో ధభీమని గుద్దింది. ముళ్లతో సహా! ఎలుగుబంటి పెట్టిన కేకకి గింజ ఎగిరి బయట పడింది.

ఊపిరి తిరగ్గానే ఆయన అన్న మొదటి మాట: "సీటెందుకు వదిలావ్?"

"సార్, మీ ప్రాణం పోతోందని..."

"అది గుర్తుపట్టాల్సిన ప్రశ్న! వైద్యం చెయ్యమని ఎవడడిగాడు? మాల్ ప్రాక్టీస్!"

పాపం, ముళ్లపంది ఏడుస్తూ మూట సర్దుకుని వెళ్లిపోయింది. జింకకీ కుందేలుకీ నూటికి నూరు.

"అమ్మాయిలూ, ఈ ముళ్లు పీకండమ్మా, చచ్చిపోతున్నా!" అని ఎలుగుబంటి వీపు తిప్పాడు. ఇద్దరూ శ్రద్ధగా చూశారు.

"ఆప్షన్లేవి సార్?" అన్నారు.

నీతి: పరీక్ష పాసవ్వాలంటే రోగిని చచ్చేదాకా చూడాలి, చేయి మాత్రం వెయ్యకూడదు.