మేకుల్లేని మంచం

ఆదివారం పొద్దున్న లెక్చరర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందుగదిలోని పెద్ద మంచాన్ని వెనకగదిలోకి మార్చాలి, అంతే. సాయంత్రం నాలుగింటి బస్సుకు మామగారు వస్తున్నారు. వెనకగదికి ఎండ బాగా వస్తుంది, ఆయన నడుముకు మంచిది. పైగా ఆ మంచం ఆయన తన చేతుల్తో చేసి కూతురి పెళ్ళికి ఇచ్చిందే.

అది అల్లాటప్పా మంచం కాదు. నాలుగు మూలలా మనిషెత్తు స్తంభాలు, తలవైపొకటీ కాళ్ళవైపొకటీ చెక్కిన పలకలు. ఎక్కడా ఒక్క మేకు ఉండదు. చెక్కలో చెక్క దిగి, కొయ్యచీలలతో బిగుసుకుంటుంది. లెక్చరర్ డిజైన్ కాలేజీలో ప్రపంచ దేశాల కట్టడాల చరిత్రా, ఫర్నిచర్ చరిత్రా చెబుతాడు. పద్నాలుగేళ్ళుగా ప్రతి బ్యాచ్‌కీ ఈ మంచం ఫొటో చూపించి, మేకుల్లేని అతుకులు చైనా పద్ధతి అనీ, స్తంభాలు యూరప్ రాజుల పడకగదుల వరస అనీ, తలవైపు పలకలో ఉన్న చిన్న కన్నం ఎడారి దేశాల ఇళ్ళమీద గాలిని లోపలికి లాగే గోపురాల సూత్రమనీ వివరిస్తున్నాడు. "నిద్రపోయేవాడి తలకు గాలి ఆడడానికన్నమాట," అని ముగిస్తాడు. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. రెండుసార్లు పరీక్షలో కూడా వచ్చింది.

"నాన్న వచ్చాక విప్పుదురుగాని లెండి. చేసిన మనిషికి తెలుస్తుంది కదా," అంది భార్య.

ఆ మాటతో లెక్చరర్‌కు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళైన కొత్తలో, వడ్రంగి మేస్త్రీ అయిన ఆ మామగారు నలుగురిలో నవ్వుతూ ఒక మాటన్నారు. "మా అల్లుడుగారికి మేకు కొట్టడం రాదు గానీ, మేకు చరిత్ర అడగండి, మూడు గంటలు చెబుతారు." అందరూ నవ్వారు. లెక్చరరూ నవ్వాడు. ఆ నవ్వు అతనికి ఇప్పటికీ అరగలేదు. ఇవాళ తనొక్కడే మంచం విప్పి, మార్చి, బిగించి, మామగారిని దానిమీద కూర్చోబెట్టి "ఎలా ఉంది మామయ్యగారూ?" అని అడగాలి. అప్పటికి గానీ ఆ కడుపుమంట చల్లారదు.

విప్పడం మహా సులువుగా అయింది. కొయ్యసుత్తితో చీలలు తడుతూ పోతే పదింటికల్లా ఇరవై ఆరు ముక్కలు. ప్రతి ముక్కమీదా సుద్దతో గుర్తు పెట్టాడు. మామూలు మనిషైతే ఒకటి, రెండు, మూడు అని వేసుకునేవాడు. లెక్చరర్ కాబట్టి 'చై-4', 'రో-7', 'ఈ-2' అని చైనా, రోము, ఈజిప్టు నాగరికతల వారీగా వేసి, నోటుబుక్కులో పటం గీసుకుని, ఒళ్ళంతా దుమ్మని స్నానానికి వెళ్ళాడు. భార్య బయటి పనులు చూసుకుని అటునుంచటే బస్టాండుకు వెళ్తానని బయల్దేరింది.

తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి లెక్చరర్ వాళ్ళమ్మ తడిగుడ్డ పిండుతోంది.

"ఆ చెక్కలనిండా ఏవో పిచ్చిగీతలురా! ఎప్పటి మురికో ఏమో. అన్నీ శుభ్రంగా తుడిచేశాను. పొడుగువి ఒకపక్కా పొట్టివి ఒకపక్కా పేర్చాను కూడా. చూడు, ఎంత ముచ్చటగా ఉందో."

లెక్చరర్ నోటుబుక్కు అందుకుని గదిలోకి చూశాడు. చేతిలో పటం ఉంది. పటంలో చై-4 ఉంది. గదిలో మాత్రం చై-4 లేదు.

"ఏంట్రా అలా నిలబడిపోయావ్? తుడవకూడదా ఏం?"

"అబ్బే. బాగా తుడిచావమ్మా," అన్నాడు నీరసంగా.

అయినా భయమెందుకు, దీని తర్కం నాకు కరతలామలకం కదా అనుకుని మొదలుపెట్టాడు. ఏ చీల ఏ కన్నంలో పెట్టినా చక్కగా పట్టేస్తోంది, అదే ప్రాణం మీదికొచ్చింది. గంటన్నర తర్వాత మంచంలాంటిదొకటి నిలబడింది. తలవైపు ఎత్తు, కాళ్ళవైపు పల్లం.

"ఇదేంట్రా, జారుడుబల్లా?"

"ఈజిప్టులో మంచాలు ఇలాగే కాళ్ళవైపు వాలుగా ఉండేవమ్మా. జారిపోకుండా చివర పలక అడ్డం ఉంటుంది."

"దానిమీద పడుకునేవారా?"

"వేల ఏళ్ళు పడుకున్నారు."

"ఇంక లేచినట్టు లేదు. మీ మామగారసలే నడుంనొప్పి మనిషి. తెల్లారేసరికి ఆ పలకకు అతుక్కుపోయి ఉంటాడు. విప్పు."

భోజనాలయ్యాక రెండోసారి మొదలుపెడితే, మూడు దాటేసరికి ఒకవైపే ఆనుకునే పలక ఉన్న సన్నటి బల్ల తయారైంది. లెక్చరర్ కళ్ళు మెరిశాయి. చేస్తున్న పని మరిచిపోయి ఫోన్ తీసి ఫొటో కూడా తీసుకున్నాడు. "అచ్చం రోమన్లది! మోచెయ్యి ఆనించి, పక్కకు వాలి, పడుకునే భోంచేసేవారు."

"పొలమారదూ?"

"దానికి ఆధారాలు దొరకలేదు."

"ఇక్కడ మిగిలిన తొమ్మిది ముక్కలకు దొరికాయా?"

అప్పుడే భార్య ఫోన్ చేసింది. "బస్సు అరగంట ముందే వచ్చేసిందండీ. వచ్చేస్తున్నాం. నాన్న దిగినప్పటినుంచీ ఒకటే గొడవ, మంచం ఎలా ఉంది, కదిలించలేదు కదా అని. బిగించేశారు కదా?"

"పని జరుగుతోంది," అని లెక్చరర్ ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఏం చేశాడో అతనికే తెలీదు. చేతికందింది అందినట్టు తగిలించాడు. స్తంభాలు నాలుగూ దగ్గరదగ్గరగా నిలబడ్డాయి. పలకలు రెండూ ముందుకొచ్చాయి. పడుకునే చెక్కలు ఒకదానిమీద ఒకటి అరల్లా సర్దుకున్నాయి. ఒక్క ముక్క మిగల్లేదు.

అమ్మ చుట్టూ తిరిగి చూసింది. "ఇదేదో బీరువాలా ఉందిరా. బట్టలు పెట్టుకోవచ్చు."

"అమ్మా, నీకు తెలీదు, ఊరుకో. ఇది మధ్యయుగపు సింహాసనం ధోరణిలో పోతోంది. మొత్తం దారి తప్పింది," అని లెక్చరర్ కసిగా సుత్తితో ఒక్కటిచ్చాడు. అంతా కుప్పకూలింది. పడుతూ పడుతూ ఒక స్తంభం గోడగడియారాన్ని కూడా వెంటబెట్టుకుపోయింది. అంతలో కాలింగ్‌బెల్ మోగింది.

గుమ్మంలో మామగారు. గదిలో కొయ్యల కుప్ప. మధ్యలో భుజాన తువ్వాలుతో అల్లుడు. "ఏమండీ!" అని భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంక మేకు మాట రావడమే తరువాయి అనుకుని లెక్చరర్ తల దించుకున్నాడు. కానీ మామగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మాయ్, మీ అత్తగారూ నువ్వూ వెళ్ళి కాఫీ సంగతి చూడండి. మేం కాస్త మాట్లాడుకోవాలి," అని ఆయన తలుపు గడియ పెట్టి, కొయ్యలమీదే కూలబడ్డారు. "బాబూ, ఎప్పటికైనా కనిపెడతారని నాకు తెలుసు. ఎన్నాళ్ళని దాస్తాను? ఇది మంచం కాదు."

"మరి?"

"బీరువా. ఎనిమిది నెలలు చేశాను. లారీలో పట్టడానికి విప్పి, సుద్దతో అంకెలు వేశాను. దారిలో వాన కొట్టింది. ఇక్కడ దింపేసరికి ఒక్క అంకె లేదు. చుట్టూ పెళ్ళివారు. ముప్ఫయ్యేళ్ళు మేస్త్రీగా చేసినవాణ్ణి, చెమటలు పట్టేశాయి. ఏదో సగం నిలబెట్టేసరికి మీరొచ్చి 'అబ్బ, ఎంత గొప్ప మంచం మామయ్యగారూ!' అన్నారు. చైనా అన్నారు, ఎవరో రాజులన్నారు. అంత చదువుకున్న అల్లుడు మంచమంటే మంచమే అనుకున్నాను. మిగిలిపోయిన పైకప్పూ రెండు పిడులూ గుట్టుగా పట్టుకుపోయాను, ఇప్పటికీ మా అటకమీద ఉన్నాయి."

"మరి ఆ కన్నం?" లెక్చరర్ గొంతు పీలగా వచ్చింది.

"తాళం కన్నం బాబూ."

లెక్చరర్ పద్నాలుగేళ్ళుగా తాళం కన్నం కింద తలపెట్టుకుని నిద్రపోయాడు. దానిమీద పది మార్కుల ప్రశ్న ఇచ్చాడు.

"ఆ మేకు మాట కూడా అందుకే అన్నాను. మీరు సుత్తి ముట్టుకుంటే నా గుట్టు బయటపడుతుందని భయం. మనసులో పెట్టుకోకండి," అన్నారు మామగారు.

కోపం తెచ్చుకుందామని లెక్చరర్ గట్టిగానే ప్రయత్నించాడు. రాలేదు. నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది. "బీరువా ఇందాక అయిపోయింది మామయ్యగారూ. సింహాసనం అనుకుని నేనే పడగొట్టాను."

"అయిందా?" మామగారు లేచి నిలబడ్డారు. "ఆ రెండు తలుపులూ ఎటు తిప్పాలో నాకిప్పటికీ తేలలేదు. మీరెలా పెట్టారు? ఒక్కసారి చూపించండి బాబూ."

అల్లుడు చూపించాడు. మేస్త్రీ చీలలు అందించారు. ఇరవై నిమిషాల్లో బీరువా నిలబడింది. తలుపు గడియ తీసేసరికి ఆడవాళ్ళిద్దరూ కాఫీ గ్లాసులతో అక్కడే ఉన్నారు.

"బీరువా అని నేనప్పుడే అన్నానా లేదా?" అంది అమ్మ.

"మంచమేదండీ?" అంది భార్య.

"మీ ఆయన దాన్ని బీరువా చేశారే!" అన్నారు మామగారు తడుముకోకుండా. "నా జన్మలో ఇలాంటి పనితనం చూళ్ళేదు."

ఆ మాట కోసం లెక్చరర్ పద్నాలుగేళ్ళు కాచుకున్నాడు. అంతలో మామగారి పడక సంగతి గుర్తొచ్చి, "జపాన్‌లో అసలు నేలమీదే..." అని మొదలుపెట్టాడు. "ముందు పరుపు తెచ్చి తర్వాత చెప్పు," అంది అమ్మ. భార్య మాత్రం మొగుడివైపు కొత్తగా ఒక చూపు చూసి, చెల్లెలికి ఫోన్ చెయ్యడానికి లోపలికి పరిగెత్తింది.

మరుసటి ఆదివారం పొద్దున్నే తోడల్లుడు తమ మంచాన్ని బండిమీద వేసుకొచ్చి, బీరువా చేసిపెట్టమని గుమ్మంలో దింపాడు, దానినిండా మేకులే.