గుమాస్తా పాపారావు పెట్టిన పంటిగాటు

ఒక పెద్ద అడవిలో, అంటే జంతువులకంటే ఆఫీసులే ఎక్కువున్న అడవి లెండి, ఏ కాగితానికైనా పంటిగాటు పడితేనే చెల్లుబాటు. సంతకాలూ వేలిముద్రలూ అక్కడ పనికిరావు.

ఆ అడవిలో వీరాస్వామి అనే ముసలి దుమ్ములగొండికి పళ్ళన్నీ ఊడిపోయాయి. ఎముకలు కొరికి బతికే జాతి, ఇక ఏం తింటాడు పాపం! నెలరోజులు నీళ్ళతోనే కడుపు నింపుకుని, డొక్కలెగరేసుకుంటూ దంతాల ఆఫీసుకొచ్చాడు.

డాక్టరు వడ్రంగిపిట్ట అతని నోట్లో తలపెట్టి చూసింది.

"మూడు దారులున్నాయి. తీసి పెట్టుకునే సెట్టు, పక్క పళ్ళకు ఆనించి కట్టే బ్రిడ్జి, దవడ ఎముక తొలిచి బిగించే స్క్రూ పళ్ళు. బ్రిడ్జి నీకు కుదరదు, ఆనించడానికి పక్కన ఏదీ మిగల్లేదు."

"ఏదో ఒకటి పెట్టు తల్లీ, ఆకలికి ప్రాణం పోతోంది."

"ముందు గుమాస్తాకి దరఖాస్తు ఇయ్యి."

గుమాస్తా పాపారావు నక్క. కాగితం ముందుకు తోసి, "కొరుకు" అన్నాడు.

"పళ్ళుంటే ఇక్కడికెందుకొస్తాను బాబూ?"

"అందరూ ఇదే మాట! గాటు పడందే ఫైలు కదలదు."

వీరాస్వామి బోసినోటితో చప్పరించాడు. కాగితం తడిసిందే తప్ప గాటు పడలేదు. ముసలాడికి ఏడుపొచ్చింది.

పాపారావు పళ్ళు గారపట్టి పచ్చగా ఉంటాయి. తెల్లటి స్క్రూ పళ్ళ మీద ఎన్నాళ్ళనుంచో కన్ను. "ఊరుకో తాతా, నీ బదులు నేను కొరుకుతాలే" అని జాలి ఒలకబోసి, 'నాకు ఒక్క పన్నూ లేదు, స్క్రూ పళ్ళు ఇప్పించగలరు' అన్న కాగితాన్ని కసుక్కున కొరికాడు. గాటు ఎవరిదైతే దరఖాస్తు వాళ్ళదే, అదీ రూలు.

మర్నాడే మంజూరైంది. పాపారావు ఇకిలిస్తూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరు కాగితం చూసింది, నోరు చూసింది. "ఇందులో ఒక్క పన్నూ లేదని ఉంది. ఇక్కడ నలభై రెండున్నాయే!"

"అంటే... అదీ..."

"రికార్డు తప్పవుతుందా? నీ నోరే తప్పు. పట్టుకోండయ్యా!"

కాంపౌండరు ఎలుగుబంటి అదిమి పట్టాడు. మధ్యాహ్నానికల్లా నోరు రికార్డుకు సరిపోయింది.

"మరి నా స్క్రూలు?" అన్నాడు పాపారావు, నెత్తురు తుడుచుకుంటూ.

"చిగుళ్ళు మానాలి. ఆర్నెల్లు పడుతుంది."

పీకిన పళ్ళన్నీ జిగురుతో సెట్టు కట్టి డాక్టరు వీరాస్వామికి పెట్టింది. పాపారావు లబోదిబోమన్నాడు. "దరఖాస్తు లేకుండా వాడికెలా ఇస్తావ్?"

"రికార్డు ప్రకారం ఈ పళ్ళు అసలు లేనే లేవు. లేనివాటికి దరఖాస్తేంటి?"

సెట్టు కాస్త వదులే. అయినా ముసలాడు ఎముకను కటుక్కున కొరికి, కళ్ళనీళ్ళతో పాపారావుకి దణ్ణం పెట్టాడు. "నా ఆకలి తీర్చావు బాబూ, చల్లగా ఉండు!"

నీతి: సాయం చేస్తే పాపారావులా చెయ్యాలి, తనకంటూ ఒక్క పన్నైనా దాచుకోకుండా.