గడియారం కింద ముందెవరు

ఆ శనివారం ఉదయం జాయ్స్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ పిండి రుబ్బాలి, దుప్పట్లు నానబెట్టాలి, మధ్యలో టీ తాగుతూ ఓ ఐదు నిమిషాలు ఫోను చూడాలి. పిండి రుబ్బడం అయింది. దుప్పట్లు నానాయి. చిక్కంతా ఫోను దగ్గర వచ్చింది.

జాయ్స్‌కు యాభై ఒకటి నిండాయి. హైదరాబాద్ రాయదుర్గంలో ఒక పెద్ద ఆఫీసు భవనంలోని వైద్య గదిలో నర్సుగా పనిచేస్తోంది. పగలంతా కుర్రవాళ్లు వచ్చి "సిస్టర్, తలనొప్పి", "సిస్టర్, బీపీ చూడండి" అంటారు. ఆమెకు ఒక పేరుందని అక్కడ ఎవరికీ గుర్తులేదు. పేరున్న చోటు ఒక్కటే, 'కిటికీ సీటు' అనే ప్రయాణికుల వాట్సాప్ గ్రూపు. అక్కడ ఆమె జాయ్. ఏ రైలులో ఏ వైపు కూర్చుంటే నది కనబడుతుందో జాయ్ చెప్పాలి, నలభై మంది వినాలి.

ఆ గ్రూపులో ఆమె పెట్టుకున్న ఫొటో ఇరవయ్యో ఏట తీసింది. గుంటూరులో నర్సు శిక్షణలో ఉన్నప్పుడు ఆరుగురు అమ్మాయిలు అరకు వెళ్లారు. దారిలో బొర్రా స్టేషన్‌లో స్నేహితురాలు మార్తమ్మ వాళ్లన్నయ్య తన కెమెరాతో తీశాడు. మోసం చేద్దామని పెట్టింది కాదు. ఆ తర్వాత ఆమె ఒంటరిగా దిగిన ఫొటోలన్నీ ఆధార్ కోసమో, ఆఫీసు కార్డు కోసమో దిగినవి. ఫొటో రంగు వెలిసి పసుపు తిరిగింది. చేరిన కొత్తలో ఎవరో "ఏ ఫిల్టర్ వాడావు జాయ్? అదిరింది" అని అడిగారు. ఆమెకు కాఫీ ఫిల్టరు తప్ప వేరేది తెలియదు. "అలా వచ్చేసింది" అని రాసింది. అప్పటినుంచి అందరూ ఆమెను పాతికేళ్ల పిల్లగానే చూస్తున్నారు. ఆమె కూడా కాదనలేదు.

ఆ శనివారం గ్రూపు పెద్ద ఉదయ్ భాస్కర్ ఒక ప్రశ్న పెట్టాడు. అతని ఫొటోలో ముఖం ఉండదు, హెల్మెట్ ఉంటుంది. "నడివయసు ప్రయాణికుల్ని దూరం నుంచే గుర్తుపట్టడం ఎలా?"

జాయ్స్ టీ పక్కన పెట్టి రాసింది. "బండికి గంటన్నర ముందే స్టేషన్‌కొస్తారు. బండి కదలకముందే పులిహోర డబ్బా తీస్తారు. ఫ్లాస్కు, గొడుగు, టార్చిలైటు, మోకాలి బెల్టు, టికెట్‌కి రెండు జిరాక్సులు. మే నెలలోనూ మంకీ క్యాపు."

రాస్తున్నంతసేపూ ఆమె మనసులో ఉన్నది మార్తమ్మ వాళ్లమ్మ. ఆ అరకు ప్రయాణానికి ఆవిడే తోడు వచ్చింది. చేతిలో గొడుగు, చంకలో ఫ్లాస్కు. ఆవిడ నడకను కూడా అమ్మాయిలు వెనక నుంచి అనుకరించారు. సొరంగం వచ్చినప్పుడల్లా కిటికీ సీటు మారాలని పందెం వేసుకుని, చీకట్లో ఒకరి మీద ఒకరు పడి కేకలు పెట్టారు. మధ్యాహ్నానికి ఆకలేసింది. ఆవిడ పులిహోర డబ్బా ఆరుగురే ఖాళీ చేశారు. ఆవిడ తిన్నదో లేదో ఎవరూ అడగలేదు.

గ్రూపులో నవ్వులు మధ్యాహ్నం దాకా ఆగలేదు. లింగ్స్ అనే సభ్యుడు "ఏం రాసినవ్ జాయ్, మా ఆఫీసుల గిట్లాంటోళ్లే ఉన్నరు" అన్నాడు. పున్ను అనే అమ్మాయి "మా ఇంటి ఓనరుగారు అచ్చం ఇంతేనండి" అంది. సాయంత్రానికి ఆ నవ్వు ఒక ప్రయాణంగా మారింది. వచ్చే రెండో శనివారం లింగంపల్లి నుంచి పొద్దున్న ఆరూ ఇరవై ప్యాసింజర్‌లో వికారాబాద్, అక్కడి నుంచి అనంతగిరి కొండలు. ఏడుగురు పేర్లిచ్చారు. కెప్టెన్ జాయ్. నియమం ఒక్కటే, దాన్ని ఉదయ్ భాస్కర్ పెట్టాడు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద గడియారం కింద కలవాలి. అందరికన్నా ముందు వచ్చి నిలబడ్డవాళ్లే ఆంటీ లేదా అంకుల్. ఆ పేరు ఏడాదంతా ఉంటుంది.

జాయ్స్‌కు వారం రోజులు నిద్ర సరిగా పట్టలేదు. వెళ్తే ముఖం చూస్తారు. వెళ్లకపోతే కెప్టెన్ పారిపోయిందంటారు. ఏది జరిగినా 'కిటికీ సీటు'లో జాయ్ ఉండదు. అక్కడ కూడా సిస్టరే మిగులుతుంది. చివరికి జుట్టుకు రంగు వేయించుకుంది. కూతురు సెలీనా జీన్సు అడిగి తీసుకుంది. సంచిలోంచి గొడుగు, ఫ్లాస్కు, మాత్రల డబ్బా ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

భర్త స్టీఫెన్ బాచుపల్లిలో లెక్కల మాస్టారు. ఆయన ఖాళీ సంచిని చూశాడు.

"మంచినీళ్లు కూడా వద్దా?"

"వద్దు. బండికి ఐదు నిమిషాల ముందు దింపండి చాలు."

"నువ్వా? పెళ్లైన కొత్తలో గుంటూరు స్టేషన్‌లో నన్ను మూడు గంటలు కూర్చోబెట్టావు. స్టేషన్ మాస్టారు నన్ను కొత్త పోర్టరనుకున్నాడు."

"అప్పుడు చిన్నదాన్ని, తెలియదు."

"ఇప్పుడు ఇంకా చిన్నదానివయ్యావుగా," అన్నాడాయన. గుమ్మంలో నిలబడి ప్రయాణానికి ప్రార్థన చేశాడు, ఎప్పటికన్నా కాస్త పొడుగ్గా.

ఐదు నిమిషాల ముందు అనుకున్నదే గాని కాళ్లు వినలేదు. ఐదుంపావుకల్లా జాయ్స్ లింగంపల్లి స్టేషన్‌లో ఉంది. గడియారం వైపు వెళ్లకుండా ఒక స్తంభం వెనక చేరింది. అక్కడినుంచి ప్లాట్‌ఫారమంతా కనబడుతోంది. టీ కొట్టు పక్కన హెల్మెట్ పట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డాడు. నల్లగా రంగేసిన జుట్టుతో మరొకాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. బెంచీ మీద బూట్లేసుకున్న ఒకావిడ ఊరికే ఫోను చూసుకుంటోంది. ఇంకో ఇద్దరు మంచినీళ్ల కొళాయి దగ్గర తచ్చాడుతున్నారు. 'పాపం, నడివయసువాళ్లు, ఏ బండి కోసమో తెల్లారకముందే వచ్చేశారు' అనుకుంది జాయ్స్.

గడియారం కింద ఒక పిల్ల మాత్రం నిలబడి ఉంది. ఇరవై మూడేళ్లుంటాయి. తలకు మంకీ క్యాపు, చేతిలో గొడుగు, కాళ్ల దగ్గర రెండు సంచులు. కెప్టెన్ జట్టులో ఇలాంటి పిల్ల ఉండే వీల్లేదు.

ఆరింటికి ఉదయ్ భాస్కర్ గ్రూపులో రాశాడు. "ఇప్పుడే లేచా."

"నేనింకా మంచంల ఉన్న," అన్నాడు లింగ్స్.

"నాకు తల స్నానం అవ్వలేదండి," అంది పున్ను.

జాయ్స్ స్తంభానికి ఆనుకుని "ఆటో ఎక్కుతున్నా" అని రాసింది.

ఆరూ ఇరవైకి బండి వచ్చింది. "బండి వచ్చిందట, ఎక్కడున్నారు?" అని రాసింది. "రెండు నిమిషాలు" అని ఐదు జవాబులొచ్చాయి. జట్టు రాకుండా కెప్టెన్ ఎక్కకూడదు. హెల్మెట్ పెద్దాయన బండి వైపు రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తగ్గాడు. పేపరాయన లేచి మళ్లీ కూర్చున్నాడు. మంకీ క్యాపు పిల్ల అటూ ఇటూ చూసి, సంచులు ఎత్తుకుని ఎక్కేసింది. బండి కూత వేసి కదిలింది.

ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక గ్రూపులో సందేశం వచ్చింది. రాసింది నీహారిక, ఎన్నడూ నోరు విప్పని సభ్యురాలు. "నేను ఎక్కేశాను. మీరంతా ఏ పెట్టెలో ఉన్నారు?"

జాయ్స్ ఫోను మోగింది. టీ కొట్టు దగ్గర ఫోను మోగింది. పేపరు వెనక మోగింది. బెంచీ మీద, కొళాయి దగ్గర రెండుసార్లు. ఆరుగురూ తలలు ఎత్తారు. ఆరుగురి చేతుల్లోనూ ఒకే తెర వెలుగుతోంది.

ముందుగా పేపరాయనే పేపరు మడత పెట్టి లేచాడు.

"నా పేరు లింగమూర్తి. జర చెప్పున్రి, గీండ్ల జాయ్ ఎవరు?"

స్తంభం వెనకనుంచి జాయ్స్ వచ్చింది. లింగమూర్తి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎన్నింటికొచ్చిన్రమ్మా?"

"ఐదుంపావుకి."

"నేను నాలుగూ ముప్పావుకే. గేటు గూడ తెరవలే."

బూట్లావిడ నిట్టూర్చింది. "నేను పుణ్యవతినండి. పున్ను అని మా మనవడు పెట్టాడండి. బూట్లు కరుస్తున్నాయి, ఏమీ అనుకోకపోతే విప్పేస్తానండి."

ఉదయ్ భాస్కర్ హెల్మెట్‌ను వెనక దాచుకోబోయాడు. లింగమూర్తి వదల్లేదు. "బండి యాడ పెట్టినవ్ అన్నా?"

"బండి లేదండి. ఆటోలో వచ్చాను. ఫొటో కోసం కొన్నాను ఇది."

ఇంతలో జాయ్స్‌కు అసలు సంగతి తట్టింది. పిల్ల ఒక్కతే వెళ్లిపోయింది. ఆమె నీహారికకు ఫోను చేసింది. గ్రూపులో జాయ్ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, తలుపు దగ్గర నిలబడకు. లోపలికెళ్లి కూర్చో. నీళ్లు తాగావా?"

"తాగానండి. ఆంటీ, మీరెవరో గాని, ఒక్కసారి కెప్టెన్ జాయ్‌కి ఇస్తారా?"

ఐదుగురూ జాయ్స్ ముఖం చూస్తున్నారు. "రాంగ్ నంబరు" అని ఫోను పెట్టేయొచ్చు. ఇంటికెళ్లి ఆ ఫొటో తీసేసి, గ్రూపులోంచి తప్పుకోవచ్చు. పట్టాల మీద ఆ బండి శబ్దం ఇంకా సన్నగా వినబడుతూనే ఉంది.

"నేనేనమ్మా జాయ్‌ని. జాయ్స్. యాభై ఒకటి నాకు. ఇక్కడ మేమంతా అంతే. బండి తప్పిపోయింది మాకు."



"అమ్మయ్య," అంది నీహారిక. "నేనొక్కదాన్నీ ప్రయాణం చేయడం ఇదే మొదటిసారండి. మా ఇంట్లో ఎవరూ ఎక్కడికీ వెళ్లరు, ఏం తీసుకెళ్లాలో చెప్పేవాళ్లు లేరు. మీరు లిస్టు పెట్టారు కదా, అన్నీ తెచ్చాను. పులిహోర రాత్రే కలిపాను. మోకాలి బెల్టు ఏ సైజో తెలియక రెండు కొన్నాను."

"అది లిస్టు కాదమ్మా. మేం నవ్వుకోడానికి రాశాం."

"అందులో నవ్వేదేముందండి? గంటన్నర ముందు రమ్మన్నారు, వచ్చాను. నాకు బండి దొరికింది కదా."

ఆ పిల్ల గొడుగు చేతిలో ఎలా పట్టుకుని ఉంటుందో జాయ్స్‌కు తెలుసు. ముప్పై ఏళ్ల కిందట మార్తమ్మ వాళ్లమ్మ నడకను అనుకరించింది తనే, అందరికన్నా బాగా.

"పులిహోర పక్కవాళ్లకి పెట్టు," అంది. "నువ్వు కూడా తిను. అందరికీ పెట్టి నువ్వు మానేయకు. దిగగానే ఫోను చెయ్యి, కొండకి ఏ బస్సో చెప్తాను. తిరుగు బండి నాలుగింటికి. మూడింటికల్లా స్టేషన్‌లో ఉండు."

"రెండున్నరకే ఉంటానండి," అంది నీహారిక.

తర్వాతి బండి పదింటికి ఉంది. ఆరుగురూ దానికే వెళ్దామనుకున్నారు. ముందు ఏదైనా తిందామని లింగమూర్తి వంతెన మీదుగా ఎదుటి వైపు టిఫిన్ సెంటర్‌కు దారి తీశాడు. అక్కడ పుణ్యవతి కాకినాడ నుంచి ఒకప్పుడు రైలు బండిలో తలుపు దగ్గర కూర్చుని పాడుకుంటూ వచ్చిన సంగతి చెప్పింది. ఉదయ్ భాస్కర్ పెళ్లికి ముందు అమ్మేసిన మోటారు సైకిలు నంబరు ఇంకా తప్పులేకుండా చెప్పాడు. జాయ్స్ ఫొటో ఎక్కడ, ఎవరు తీశారని అడిగారు. ఆమె మార్తమ్మ గురించి, సొరంగాల గురించి, ఆ అమ్మగారి గురించి చెప్పింది. పదింటి బండి వచ్చి వెళ్లిన సంగతి ఎవరికీ తెలియలేదు.

మధ్యలో నీహారిక ఫోను చేస్తూనే ఉంది. బస్సు, కొండ, తోడు దొరికిన ఒక కుటుంబం, అన్నీ చెప్పింది. కెప్టెన్ ప్రతిసారీ నీళ్లు తాగావా అని అడిగింది. లింగమూర్తి ఫోను లాక్కుని "బిడ్డా, గాడ చలిగుంటే టోపీ తియ్యకు" అన్నాడు.

ఆ సాయంత్రం ఉదయ్ భాస్కర్ గ్రూపులో ప్రయాణ వివరం పెట్టాడు. పేర్లిచ్చినవారు ఏడుగురు, కొండ చేరినవారు ఒక్కరు, మిగతా జట్టు ప్రయాణించిన మొత్తం దూరం ఒకటో నంబరు ప్లాట్‌ఫారం నుంచి టిఫిన్ సెంటర్ వరకు, అదీ లిఫ్టులో.