రెండు కిలోల సొరంగం

"డ్రైవరూ, నా కళ్ళు కప్పగలిగిన నేరస్థుడు ఇంకా తల్లి కడుపులోంచి బయటపడలేదు" అని ప్రకటించాడు మీటర్ రీడరు, ఎత్తు పెంచిన కమోడు మీద కూర్చుని.

తలుపుకి ఇవతల, మంచం మీద మోకాలికి ఐసు సంచి ఆనించుకుని ఉన్న బస్సు డ్రైవరు, "ముందు నువ్వు బయటపడు. నేను కూడా వెళ్ళాలి" అన్నాడు.

అది ఎముకలు విరిగినవాళ్ళకీ కీళ్ళు మార్పించుకున్నవాళ్ళకీ మళ్ళీ నడక నేర్పే కేంద్రం. కోతలూ కుట్లూ ఆస్పత్రిలో అయిపోతాయి. లేచి నిలబడటం, మెట్లెక్కడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఇక్కడ మొదటి నుంచీ నేర్చుకోవాలి. ఉన్నవాళ్ళందరూ అరవై దాటినవాళ్ళే.

మీటర్ రీడరు ముప్పై రెండేళ్ళ పాటు నీళ్ళ మీటర్ల లెక్క రాసుకోవడానికి ప్రతి ఇంటి పెరట్లోకీ తొంగిచూశాడు. పరిశోధన తన రక్తంలోనే ఉందని రిటైరయ్యాక తేల్చుకున్నాడు. పక్కింటివాళ్ళు పెరట్లో ఏదో పాతిపెడుతున్నారని అనుమానం వచ్చి, స్టూలెక్కి గోడ మీంచి చూస్తూ కిందపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళు పాతింది గులాబీ అంటు.

అందరిలాగే ఆయన కూడా ఇంటికి వెళ్ళాలంటే శుక్రవారం ఒక పరీక్ష గట్టెక్కాలి. కుర్చీలో కూర్చుని, ఆపరేషనైన కాలికి రెండు కిలోల ఇసుక సంచి కట్టుకుని, మోకాలు పూర్తిగా చాచి పదిసార్లు ఎత్తాలి. మూడు వారాల క్రితం అరకిలో కడితేనే వార్డంతా వినపడేలా మూలిగినవాడు, ఇప్పుడు రెండు కిలోలు పన్నెండుసార్లు ఎత్తుతున్నాడు. శుక్రవారం సాయంత్రం కారు తీసుకురమ్మని కూతురికి అప్పుడే ఫోను చేసి చెప్పేశాడు. వీధిలో నలుగురికీ చెప్పమని కూడా చెప్పాడు.

ఆయనొక్కడే కాదు, వార్డంతా అలాగే పుంజుకుంది. వ్యాయామాలు చేయించే థెరపిస్టు అమ్మాయి సంతోషం పట్టలేకపోయింది. కేంద్రం పెద్దలైతే ఆ ప్రగతిని బాణం గుర్తులతో పెద్ద అట్ట మీద రాయించి, గుమ్మంలోకి రాగానే కనపడేలా గోడకి కొట్టించారు.

ఇక నేరం సంగతి. వారం రోజులుగా వ్యాయామశాల నుంచి వరండా దాకా నేల మీద ఇసుక కనపడుతోంది. ఊడ్చే ఆయా పొద్దున్నే సణుక్కుంటూ చేటలోకి ఎత్తేది. ఇంకెవరైనా అయితే ఎవరి చెప్పులకో అంటుకుని వచ్చిందనుకుంటారు. మీటర్ రీడరు చిటికెడు ఇసుక వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు, కిటికీలోంచి పక్క భవనం వైపు చూశాడు. పక్క భవనంలో నగల దుకాణం ఉంది.

"సొరంగం" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎక్కడ?" అన్నాడు డ్రైవరు.

"మన కిందే. ఇక్కడి నుంచి నగల దుకాణం నేలమాళిగలోకి తవ్వుతున్నారు. తవ్విన ఇసుకని జేబుల్లో నింపుకుని బయట పారబోస్తున్నారు."

"ఎవరు తవ్వుతారయ్యా? ఇక్కడ వంగి చెప్పు తొడుక్కోగలిగినవాడు ఒక్కడు లేడు."

అదే వాళ్ళ ఎత్తుగడ అన్నాడు మీటర్ రీడరు. తుంటి విరిగినవాణ్ణి ఏ పోలీసు అనుమానిస్తాడని ఎదురు ప్రశ్న వేశాడు. డ్రైవరు ఏదో చెప్పబోయి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పరిశోధన మొదలైంది. మీటర్ రీడరు చేతికర్రతో నేలంతా టకటకా కొడుతూ ఎక్కడ డొల్లగా మోగుతుందోనని విన్నాడు. అన్నిచోట్లా ఒకలాగే మోగింది. నేరస్థుడు చాలా లోతుగా తవ్వాడని పుస్తకంలో రాసుకున్నాడు. ఇసుకలో అడుగుజాడలు చూశాడు. రెండు పాదాలు, నాలుగు గుండ్రటి చుక్కలు. ఆరు కాళ్ళ నేరస్థుడి కోసం ఒక పూటంతా వెతికాక, ఆ నాలుగూ వాకరు కాళ్ళని డ్రైవరే చెప్పాల్సి వచ్చింది. తనూ థెరపిస్టూ కాక వార్డులో వాకరు లేకుండా నడిచేది ఆయా ఒక్కతే కాబట్టి, అనుమానం రాకుండా ఆవిడే వాకరుతో తిరుగుతోందని మీటర్ రీడరు నిర్ధారించాడు.

ఆయాని నిలదీశాడు. ఆవిడ చీపురు చంకన పెట్టుకుని అంతా ఓపిగ్గా వింది. సొరంగం తవ్వే ఓపికే ఉంటే రోజుకి పద్దెనిమిది బెడ్‌పాన్లు ఎందుకు కడుగుతానండీ అని అడిగి, కాలు కాస్త పక్కకి జరపమంది. ఆయన జరిపాడు. ఆవిడ ఆ కాలి కింద ఇసుక ఊడ్చుకుని వెళ్ళిపోయింది.

ఆయన మొట్టమొదట నిర్దోషిగా కొట్టేసిన పేరు టైలరమ్మది. నలభై ఏళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుట్టిన ఆవిడకి బాత్రూములో జారి కుడి మణికట్టు విరిగింది, దాంతోపాటు మోకాలు కూడా దెబ్బతింది. కట్టు విప్పాక వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి, చెంచా కూడా పట్టుకోలేకపోయేది. వేళ్ళతో పిసకమని థెరపిస్టు రబ్బరు బంతి ఇస్తే, ఆవిడ దాన్ని దిండు కింద పడేసింది. అలాంటి చేత్తో గడ్డపార ఎవరు పడతారు? అందుకే మీటర్ రీడరు తన రహస్యాలన్నీ ఆవిడకే చెప్పుకునేవాడు. వరండాలో పూలకుండీల పక్కన కూర్చుని ఒళ్ళో ఏదో పెట్టుకుని కుట్టుకుంటూ, ఆవిడ అన్నిటికీ ఊఁ కొట్టేది.

"ఏం కుడుతున్నావమ్మా?" అని ఒకరోజు అడిగాడు.

"చేతికి వ్యాయామం, అన్నయ్యగారూ."

ఆయన మెచ్చుకున్నాడు. ఆవిడ చీర కుచ్చెళ్ళలో ఇసుక చూసి, నేరస్థుడు నీ పక్క నుంచే వెళ్ళాడు, కాస్త జాగ్రత్తగా ఉండమని హెచ్చరించాడు కూడా.

గురువారం పదింటికి అందరినీ వ్యాయామశాలలో కూర్చోబెట్టాడు. వాకర్లూ చక్రాల కుర్చీలూ గోడ వెంట బారు తీరాయి. థెరపిస్టు మర్నాటి పరీక్ష కోసం బల్ల మీద ఇసుక సంచులు సర్దుకుంటూ, అయిదు నిమిషాలే ఇస్తానంది.

"మీ అందరి పాదాల కింద ఒక భయంకర రహస్యం ఉంది" అని మొదలుపెట్టాడు మీటర్ రీడరు. "దాని దారి ఇదిగో, ఇటు నుంచి" అంటూ చేతికర్ర గిర్రున తిప్పి చూపించాడు.

కర్ర కొస బల్లకి తగిలింది. 'రెండు కిలోలు' అని రాసి ఉన్న సంచి ఒకటి జారి, సరిగ్గా థెరపిస్టు పాదం మీద పడింది.

ఆ అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుని నొప్పి కోసం ఎదురుచూసింది. నొప్పి రాలేదు. కళ్ళు తెరిచి, సంచి చేతిలోకి తీసుకుని, ఒకసారి ఎగరేసి పట్టుకుంది. ఇంకోటి తీసింది. మరోటి తీసింది.

మీటర్ రీడరు ఆమె వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. సొరంగం ఎన్ని అడుగుల వెడల్పో, బంగారం బస్తాలు ఎటు నుంచి తరలిస్తారో వివరిస్తున్నాడు. తన మాట ఒక్కరూ వినడం లేదనీ, అందరూ తల దించుకుని కూర్చున్నారనీ ఆయనకి తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

"ఎవరు చేశారిది?" అంది థెరపిస్టు.

టైలరమ్మ వాకరు పట్టుకుని లేచింది. దాచకుండా అంతా చెప్పింది. మొదట ఒకాయన మూలుగు వినలేక ఒక్క సంచి విప్పి, గుప్పెడు ఇసుక తీసి, మళ్ళీ కుట్టేసింది. అది చూసి డ్రైవరు తన సంచి కూడా కాస్త చూడమన్నాడు. తరవాత అందరూ వరస కట్టారు. కిలో సంచిలో పావుకిలో, రెండు కిలోల సంచిలో అరకిలో మిగిలాయి. తీసిన ఇసుక కొంగులో మూటగట్టి కుండీల్లో పోసేది. వాకరుతో నడుస్తుంటే దారిలో కొంత రాలేది.

"నలభై ఏళ్ళ సర్వీసులో కస్టమరు గుడ్డ జానెడు కూడా మిగుల్చుకోలేదమ్మా" అంది తలెత్తి. "ఇసుక కూడా నాకోసం తీసుకోలేదు."

థెరపిస్టు అరవలేదు. అరిచి ఉంటేనే వాళ్ళకి తేలిగ్గా ఉండేది. డ్రైవరు ముందు నిలబడి, "మీ ఇల్లు రెండో అంతస్తు కదా బాబాయ్ గారూ. ఆ మెట్లని ఈవిడ కురచ చేసి కుట్టలేదు. రేపు ఇంటికి వెళితే వాటిని ఎక్కాల్సింది ఈ కాలితోనే. పడితే మళ్ళీ ఎక్కడికి వస్తారో, ఈసారి అసలు లేస్తారో లేదో నేను చెప్పలేను" అంది. డ్రైవరు తన కొత్త మోకాలిని అరచేత్తో కప్పుకున్నాడు.

పరీక్ష మూడు వారాలు వాయిదా పడింది. టైలరమ్మ చేత సంచులన్నిటిలోనూ తూకం ప్రకారం ఇసుక నింపించి, మళ్ళీ కుట్టించింది థెరపిస్టు. ఆ కుట్లని వేలితో తడిమి చూసింది. ఒక్కటి వంకర లేదు, ఒక్కటి వదులు లేదు. చెంచా పట్టుకోలేని చెయ్యి వారం రోజుల్లో అరవై సంచులు విప్పి కుట్టింది. చేతి వైద్యం పూర్తయిందనీ, మోకాలికి రెండు రోజులకొకసారి ఇంటి నుంచి వచ్చి వెళితే చాలనీ రాసింది. వార్డు మొత్తంలో శుక్రవారం ఇంటికి వెళ్ళింది నేరం చేసినావిడ ఒక్కతే. గోడ మీది అట్టని పెద్దలు ఇంకో ఇరవై రోజుల దాకా దించలేదు.

మీటర్ రీడరు మాత్రం ఓటమి ఒప్పుకునే రకం కాదు. కూతురికి ఫోను చేసి కారు వద్దన్నాడు. కారణం అడిగితే పెద్ద కేసు ఛేదించానన్నాడు. శుక్రవారం వ్యాయామశాలలో కుర్చీలో కూర్చుని, అందరూ వినేలా, "సొరంగం అన్నది నేరస్థుణ్ణి ఏమార్చడానికి వేసిన వల. సంచుల సంగతి మొదటి రోజే కనిపెట్టాను" అన్నాడు.

ఆయన కాలికి సంచి కడుతున్న థెరపిస్టు తలెత్తింది.

"అయితే ఈ వారమంతా తెలిసే ఎత్తారా, బాబాయ్ గారూ?"

డ్రైవరు మెడ ముందుకి చాచాడు. అవునంటే దొంగ, కాదంటే వెర్రివాడు. వార్డులో అందరికీ తెలిసిన సంగతి తనకొక్కడికే తెలియదన్న ముక్క, ముందు రోజు నుంచీ మింగుడుపడలేదు. మూడో జవాబు కోసం ఆయన కిటికీ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు, చేతికర్ర పిడి తిప్పాడు.

"నాకు తెలియదమ్మా" అన్నాడు చివరికి. "నిజంగానే నాకు బలం వచ్చిందనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. థెరపిస్టు పట్టీ బిగించి, ఎత్తమంది. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని, పళ్ళు బిగబట్టి, గట్టిగా మూలుగుతూ కాలు పైకి లేపాడు. మడమ నేల నుంచి రెండు వేళ్ళ ఎత్తు లేచి, గజగజ వణికి, దిగిపోయింది.

"ఒకటి" అని లెక్కపెట్టాడు డ్రైవరు.